ప్రేమ చేతల్లో కనబడాలంటే: సంఘంలో పరిచర్య చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే వేళ అయ్యగారి దగ్గరకొచ్చి, "ఎవరికైనా ఏదైనా చేయాలని ఉందండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ళ కోసమే ఈ పేజీ. పల్లె సంఘానికైనా పట్నం సంఘానికైనా పనికొచ్చేలా, ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు రాశాం.

విశ్వాసం ఉంటే చాలదా? ఈ పనులన్నీ ఎందుకు?

రక్షణ కృపచేతనే, క్రియలవల్ల కాదు. ఎఫెసీ 2:8, 9 వచనాలు మనకు కంఠస్థమే. అయితే చాలామంది పదో వచనం దాకా వెళ్ళకుండానే ఆగిపోతారు. సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామని ఆ పదో వచనంలోనే ఉంది. బట్టల్లేక, ఆ పూట కూడు లేక ఉన్న సహోదరుణ్ణి చూసి "సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో, తృప్తిపడు" అని పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు (2:15, 16) సూటిగా అడుగుతాడు. మన సంఘాల్లో ఆ మాటకు ఇవాళ్టి రూపం "ప్రార్థన చేస్తామండీ". చేయాలి, తప్పకుండా చేయాలి. కానీ చేతిలో సంచి ఉండి కూడా ఖాళీ మాటతో వెనక్కి వస్తే యాకోబు ప్రశ్న మనకే తగులుతుంది.

మత్తయి 25లో కుడివైపు నిలిచినవాళ్ళు "ప్రభువా, నువ్వు ఆకలిగా ఉండటం మేమెప్పుడు చూశాం?" అని ఆశ్చర్యపోతారు. తాము చేసినదాన్ని వాళ్ళు లెక్కపెట్టుకోలేదు. ఈ పరిచర్య అంతటికీ కొలత అదే.

నా ప్రేమ నిస్వార్థమో కాదో నాకెలా తెలుస్తుంది?

విందు చేస్తే ధనవంతులైన పొరుగువారిని కాదు, బీదలను, అంగహీనులను, కుంటివారిని, గుడ్డివారిని పిలవమని ప్రభువు చెప్పాడు (లూకా 14:12-14). కారణం కూడా ఆయనే చెప్పాడు: నీకు ప్రత్యుపకారం చేయడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. కాబట్టి మూడు సంగతులు మనల్ని మనమే అడుగుదాం. తిరిగి ఇవ్వలేనివాళ్ళకు చేస్తున్నామా? ఎవరూ చూడకపోయినా చేస్తామా? వాళ్ళు మన మందిరానికి ఒక్కసారి కూడా రాకపోయినా వచ్చే వారం మళ్ళీ వెళ్తామా? మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

సాయం చేసినవాళ్ళను చర్చికి రమ్మని అడగొచ్చా?

ఆహ్వానించడం తప్పు కాదు. సాయాన్ని ఆహ్వానానికి ముడిపెట్టడమే తప్పు. బియ్యం సంచి ఇస్తూ "ఆదివారం రావాలి మరి" అన్నారంటే ఆ సంచికి వెల కట్టినట్టే. ఆకలిగా ఉన్న మనిషి "రాను" అనలేడు. ఆ "వస్తాను"లో విశ్వాసం ఎంతో, ఆకలి ఎంతో ఎవరూ విడదీయలేరు.

దీనికి మన తెలుగు నేల మీదే గట్టి ఉదాహరణ ఉంది. 1876-78 ధాత కరువులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా పని చూపించి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్ళ మీదా సువార్త మీదా పడకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా అడుగుతూనే ఉన్నవాళ్ళకు ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. దాని వెనక ఉన్న నెలల ఎదురుచూపును కూడా చెప్పుకోవాలి.

ఆచరణలో నియమం ఒకటే: సంచి ఇచ్చిన రోజు ఆహ్వానం వద్దు, కరపత్రం వద్దు. వాళ్ళే "మీరెందుకు ఇలా చేస్తున్నారు?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రాకపోయినా మీ పని ఆగకూడదు.

పిడికెడు బియ్యం పద్ధతిని మా సంఘంలో ఎలా మొదలుపెట్టాలి?

ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం ఈ పద్ధతి. మన స్త్రీల సమాజాలకు కొత్త కాదు. మిజోరం సంఘాలు దీన్ని 1910 నుంచి "బుహ్‌ఫాయ్ థామ్" అనే పేరుతో నడిపిస్తున్నాయి. డబ్బు లేని ఇల్లు కూడా ఇవ్వగలగడమే దీని గొప్పతనం. తీసుకునే ఇల్లు కూడా తన పిడికెడు వేయగలదు, వేయనివ్వాలి.

లెక్క ఇలా వేసుకోండి. ఆడవాళ్ళ పిడికెడు సుమారు 40 గ్రాములు. రోజుకు రెండు పూటలంటే 80 గ్రాములు, నెలకు 2.4 కిలోలు. 40 ఇళ్ళు క్రమంగా వేస్తే 96 కిలోలు. నలుగురున్న కుటుంబానికి నెలకు 25 కిలోలు చాలు అనుకుంటే దాదాపు నాలుగు కుటుంబాలు గడుస్తాయి.

చెడిపోయేది ఎక్కడంటే:

మొదటిది, పురుగు. నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంచితే వానాకాలంలో ముక్కపురుగు పడుతుంది. వారం వారం ఆదివారమే తెచ్చేయమనండి. డబ్బా పూర్తిగా ఆరాకే బియ్యం వేయాలి. నీడలో ఎండబెట్టిన వేపాకు అడుగున గుప్పెడు, పైన గుప్పెడు వేస్తే చాలావరకు నిలుస్తుంది.

రెండోది, కలగాపులగం. ఒకరింటి సోనామసూరి, ఇంకొకరింటి రేషన్ బియ్యం, మరొకరింటి దంపుడు బియ్యం ఒకే గోనెలో పోస్తే ఎసట్లో ఒకటి మెత్తబడేలోపు మరొకటి పలుకుగా ఉంటుంది. అన్నం సంకటి అవుతుంది. పుచ్చుకున్న ఇల్లాలు నోరు తెరిచి చెప్పదు, కానీ "మాకు ఇలాంటివే ఇస్తారు" అనుకుంటుంది. మందిరంలో రెండు డ్రమ్ములు పెట్టి "సన్నం", "దొడ్డు" అని రాయండి. దంపుడు బియ్యం వేసేవాళ్ళు విడిగా ఇవ్వాలి. వందకు తొంభై ఫిర్యాదులు ఈ ఒక్క మార్పుతో పోతాయి.

మూడోది, ఇంట్లో మిగిలిన పాతబియ్యం, ముక్కిన బియ్యం తెచ్చి పోయడం. దీన్ని సభలో ప్రకటించకండి, ఆ ఇంటివాళ్ళు సిగ్గుపడతారు. డ్రమ్ము దగ్గర నిలబడే అక్క మెల్లగా చెబితే సరిపోతుంది: "మనం వండుకునే గిన్నెలోంచే తీద్దాం వదినా."

నెల సరుకుల సంచిలో ఏముండాలి?

అడగకుండా కట్టిన సంచి సగం వృథా. రేషన్ కార్డున్న ఇంటికి తలకు ఐదారు కిలోల బియ్యం ఎలాగూ వస్తాయి. వాళ్ళకు కొరవ పడేది పప్పు, నూనె, పాలు, మందులు, గ్యాసు బండ. ఇద్దరు వృద్ధులున్న ఇంటికి కందిపప్పు 2 కిలోలు, నూనె లీటరున్నర, చింతపండు పావుకిలో, ఉప్పు, కారం, పసుపు, బెల్లం అరకిలో, బట్టల సబ్బు, ఒంటిసబ్బు, రోజూ పాలకు కొంత డబ్బు పెడితే నెల గడుస్తుంది. కార్డు లేని ఇంటికైతే బియ్యమే ముందు, దాంతోపాటు కార్డు కోసం సచివాలయానికో మీ సేవకో వాళ్ళతో కలిసి వెళ్ళే మనిషి. ఆడపిల్లలున్న ఇంటికి శానిటరీ ప్యాడ్లు పెట్టడం మరిచిపోవద్దు, వాళ్ళు అడగరు. పళ్ళు లేని తాతగారికి పల్లీలు, షుగరున్న మామ్మగారికి కిలో పంచదార పంపే పొరపాటు ప్రతి క్రిస్మస్‌కీ జరుగుతూనే ఉంది. కొత్తబట్టలైనా అంతే. చీర కొనేముందు రంగు అడగండి. అడగడమే మర్యాద.

మంచం పట్టినవారి ఇంటికి వెళ్తే ప్రార్థన కాకుండా ఇంకేం చేయగలం?

చాలా చేయగలం. ఈ పేజీలో దీనికే ఎక్కువ చోటిస్తున్నాం. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగినవాళ్ళు, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. మొదటి నెల అందరూ వస్తారు. ఆరో నెలలో వచ్చేవాళ్ళు లేరు.

ముందు పలకరింపు. గదిలోకి వెళ్ళగానే కొడుకుతోనో కోడలితోనో కాదు, మంచం మీదున్న మనిషితో మాట్లాడండి. మాట పడిపోయినా వినికిడి ఉండొచ్చు. నిలబడి కాకుండా వాళ్ళ కళ్ళకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. "వందనాలు మామ్మగారూ, నేను ఫలానా" అని పేరు చెప్పండి.

పుండ్ల విషయం ప్రతి పరిచారకుడికీ తెలిసి ఉండాలి. ఒకే భంగిమలో పడుకుంటే ఎముక పొడుచుకుని ఉండే చోట్ల ఒత్తిడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది. పిరుదుల పైన నడుం ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనకభాగం, చెవులు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా, ముదురు రంగుగా ఉందేమో చేత్తో తడిమి చూడండి.

చేయాల్సింది రెండు గంటలకోసారి పక్క మార్చడం: ఎడమ, వెల్లకిలా, కుడి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా ఒరిగేలా ఉంచితే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. జరపాల్సి వస్తే లాగకూడదు. నడుం కింద మడతేసిన దుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి. లాగితే చర్మం చిరుగుతుంది. గోడకు ఒక కాగితం అంటించి 6, 8, 10 గంటలు రాసి, తిప్పినప్పుడల్లా టిక్కు పెట్టండి. ఈ కాగితం లేని ఇంట్లో "ఇప్పుడే తిప్పాం" అనేది నాలుగు గంటల కిందటి మాట అవుతుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఎర్రబడిన చోట మర్దన చేయొద్దు, లోపల దెబ్బతిన్న కండ ఇంకా పాడవుతుంది. స్పిరిట్ రాయొద్దు. పుండులో పసుపు, పౌడరు చల్లొద్దు. నడుం కింద గుండ్రటి రబ్బరు ట్యూబు పెట్టే అలవాటు ఉంది, అది చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. గాలి పరుపు మంచిదే, కానీ అది కొన్నాక కూడా పక్క మార్చాల్సిందే. ఈ సంగతి తెలియక పరుపు కొనిచ్చి నిశ్చింతగా ఉన్న ఇళ్ళలోనే పెద్ద పుండ్లు పడతాయి. తడిసిన పక్కగుడ్డ వెంటనే మార్చాలి. పుండు లోతుగా ఉన్నా, వాసనొచ్చినా, జ్వరం ఉన్నా డాక్టరుకో నర్సుకో చూపించాలి.

అన్నం తినిపించడం మరో జాగ్రత్త. పడుకోబెట్టి తినిపించకూడదు. దిండ్లతో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, చిన్న చెంచాతో, ముందు ముద్ద మింగాకే తర్వాతిది పెట్టాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకు పల్చటి నీళ్ళే ఎక్కువ పొలమారతాయి, చిక్కటి జావ కొంత మేలు. తాగాక దగ్గినా, గొంతు గురగురలాడినా ఆపేసి డాక్టరుకు చెప్పండి. మగతగా ఉన్న మనిషి నోట్లో "ఒక్క చుక్క" అని నీళ్ళు పోయడం ప్రేమ అనుకుంటాం. ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

స్నానం, గోళ్ళు, జుట్టు దువ్వడం, నోరు తుడవడం: ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు చేయాలి. ఎప్పుడూ ఒంటి మీద గుడ్డ కప్పి, తుడిచే భాగం మాత్రమే తీసి మళ్ళీ కప్పాలి. ప్రతిసారీ "చేయమంటారా?" అని అడగాలి. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినప్పుడు పేతురు వద్దంటే ఆయన కోప్పడలేదు, ఎందుకు కడుగుతున్నాడో చెప్పాడు.

ఇక చూసుకునే మనిషి. నూటికి తొంభై ఇళ్ళలో అది కోడలో కూతురో భార్యో. ఆమెను ఎవరూ "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడగరు. వారానికి ఒకరోజు మూడు గంటలు ఇద్దరు వచ్చి కూర్చుంటే ఆమె తలంటుకుంటుంది, నిద్రపోతుంది, తన బీపీ చూపించుకుంటుంది, బజారుకు వెళ్తుంది. పండ్ల బుట్టల కంటే ఈ మూడు గంటలు విలువైనవి. ఏ రోజు, ఏ వేళ అన్నది ముందే చెప్పి, ఆ వేళకే వెళ్ళండి. చెప్పి రాకపోతే ఆ రోజు ఆమె బయటికి వెళ్ళే ఏర్పాట్లన్నీ చెడిపోతాయి, మరోసారి నమ్మదు.

ప్రార్థన చివర్లో, "చేయమంటారా?" అని అడిగి, రెండు నిమిషాలు, మెల్లటి గొంతుతో చేయండి. రోగి చేయి పట్టుకోవచ్చు. ఏ పాపానికి ఈ జబ్బు వచ్చిందో వెతకొద్దు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అడిగిన ఆ ప్రశ్నకు ప్రభువు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని జవాబిచ్చాడు (యోహాను 9:3).

ప్రార్థన చేశాక మందులు మానేయమనొచ్చా?

ఎప్పుడూ అనకూడదు. ఫిట్స్ మందు ఒక్కసారిగా మానితే ఆగని మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. ఇన్సులిన్ మానితే కోమాలోకి వెళ్తారు. టీబీ మందు సగంలో మానితే మందుకు లొంగని టీబీ అవుతుంది. నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు 5:14 ఉన్న బైబిల్లోనే "ప్రియుడైన వైద్యుడు లూకా" (కొలొస్సయి 4:14) కూడా ఉన్నాడు. స్వస్థత కలిగిందని నమ్మితే డాక్టరు చేతే పరీక్ష చేయించి, ఆయన ఆపమంటే ఆపండి. సంఘంలో ఎవరైనా దీనికి విరుద్ధంగా చెబుతుంటే పెద్దలు ఆ రోజే ఆపాలి.

అంటురోగం ఉన్నవారి ఇంటికి వెళ్ళాలా?

సుమారు క్రీ.శ. 260లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో తెగులు చెలరేగినప్పుడు, క్రైస్తవులు రోగులను వదలక సేవ చేశారని, వారిలో చాలామంది ఆ సేవలోనే చనిపోయారని అక్కడి బిషప్ దియొనూసియు తన ఉత్తరంలో రాశాడు. మన దగ్గర కుష్ఠురోగులను ఊరి బయటికి తోసేసిన కాలంలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో వాళ్ళకోసం ఆస్పత్రి నిలబెట్టారు. దానికి విరాళమిచ్చినవారిలో రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ముఖ్యుడు. ప్రేమ మన సొత్తు కాదని గుర్తుచేయడానికి ఆ పేరు చెప్పుకోవడం మంచిది.

ఇవాళ భయం కంటే తెలివి ముఖ్యం. హెచ్ఐవీ తాకితే, కలిసి తింటే రాదు. కుష్ఠుకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత మందులు ఆరు నుంచి పన్నెండు నెలలు. మొదలుపెట్టాక అంటుకునే గుణం త్వరగా పోతుంది. ఊపిరితిత్తుల టీబీ గాలి ద్వారా సోకుతుంది కాబట్టి మందులు మొదలైన తొలివారాల్లో వాకిట్లోనో కిటికీలు తెరిచిన గదిలోనో కూర్చోండి, రోగి మాస్కు పెట్టుకోవాలి, పసిపిల్లల్ని తీసుకెళ్ళకండి. మామూలు టీబీ మందులు ఆరు నెలలు. రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేసేవాళ్ళే ఎక్కువ, మీ రాకపోకలు అసలు అవసరమయ్యేది అప్పుడే. చికిత్సలో ఉన్నవారికి నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేక అవి ఆగిపోతే తెరిపించడానికి తోడు వెళ్ళండి. "నిక్షయ్ మిత్ర"గా నమోదై నెలనెలా పోషకాహారం బుట్ట ఇచ్చే అవకాశం సంఘాలకు కూడా ఉంది.

పెద్దాస్పత్రిలో పరిచర్య ఎలా చేయాలి?

సూపరింటెండెంట్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వార్డులో రోగికి నేరుగా ఏమీ తినిపించకండి. ఆపరేషన్ కోసం ఖాళీ కడుపుతో ఉంచినవాళ్ళకు ఒక అరటిపండు పెట్టినా ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఆకలితో ఉండేది రోగి వెంట వచ్చి వరండాలో పడుకునే మనిషి. పొట్లాలు వాళ్ళకు కట్టండి. ఎండాకాలంలో సాంబారన్నం రెండు గంటలు దాటితే నమ్మలేం, పులిహోర మేలు. ఎక్కడో దూరం నుంచి వచ్చినవాళ్ళకు అన్నంతోపాటు ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ, ఆరోగ్య పథకం కౌంటర్ ఎక్కడ అని చూపించే మనిషి కావాలి. చదువుకున్న యౌవనస్థులకు ఇది తగిన పని.

రక్తం అవసరం రోజూ ఉంటుంది. ఇవ్వాలంటే వయసు 18 నుంచి 65, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. సంఘమంతా ఈస్టరుకు ఒకేరోజు ఇచ్చేసి మళ్ళీ ఏడాది కనబడకపోవడం కంటే గ్రూపులవారీగా పేర్లు రాసుకుని నెలకు నలుగురు చొప్పున వెళ్ళడం బ్లడ్ బ్యాంకుకు ఎక్కువ ఉపయోగం. ఎర్రరక్తకణాలు ఆరు వారాలు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవ ఉంటాయి.

ఎవరి కష్టమైనా ప్రార్థన మనవిగా సభలో చెప్పొచ్చా?

వాళ్ళు "చెప్పండి" అంటేనే. ఎంతవరకు చెప్పాలో కూడా వాళ్ళే నిర్ణయించాలి. "ఫలానా వారి అమ్మాయి కాపురం గురించి ప్రార్థించండి" అని మైకులో అన్న ఒక్క వాక్యం మధ్యాహ్నానికి ఊరంతా తిరుగుతుంది. వాట్సాప్ గ్రూపు సంగతి ఇంకా ఘోరం, ఒకసారి పెట్టింది వెనక్కి రాదు. జబ్బు పేరు, అప్పు మొత్తం, ఇంటి గొడవ, గర్భం, పరీక్ష తప్పడం అనుమతి లేకుండా ఎప్పుడూ చెప్పకూడదు. "ఒక కుటుంబం కోసం" అంటే చాలు, దేవునికి పేరు తెలుసు. రహస్యం దాచలేని మనిషి ఎంత భక్తిపరుడైనా ఇళ్ళు దర్శించే పనిలో పెట్టకండి.

ప్రాణహాని మాట వస్తే మాత్రం దాచకూడదు. ఎవరైనా చచ్చిపోతానంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు వాళ్ళ పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి.

ఇచ్చేటప్పుడు ఫొటో తీసుకోవచ్చా?

వద్దు. సంచులు పేర్చిన బల్ల ఫొటో చాలు లెక్కల కోసం. తీసుకునేవారి ముఖం అవసరం లేదు. మత్తయి 6:3 కుడిచెయ్యి చేసేది ఎడమచేతికే తెలియకూడదంటే, ఫేస్‌బుక్‌కు తెలియడం ఎంతవరకు సబబో ఆలోచించండి.

అప్పు అడిగితే?

సంఘ సభ్యుల మధ్య అప్పు చాలా స్నేహాలను తినేసింది. బాకీ పడినవాళ్ళు ముందు పలకరింపు మానేస్తారు, తర్వాత ఆదివారం మానేస్తారు. ఇవ్వగలిగింది ఉచితంగా ఇవ్వండి, వడ్డీ ఊసే వద్దు. బడి ఫీజు, ఆస్పత్రి బిల్లు లాంటివైతే నేరుగా అక్కడే కట్టండి. ఏమీ ఆశించకుండా అప్పివ్వమని లూకా 6:35లో ఉంది. ఆశించకుండా ఇచ్చిన అప్పు చివరికి కానుకే. అయ్యగారి చేత మాత్రం వ్యక్తిగతంగా అప్పులు ఇప్పించకండి, ఆయన అందరింటికీ వెళ్ళాల్సిన మనిషి.

పరిచర్య డబ్బు లెక్కలు ఎలా ఉంచాలి?

పౌలు యెరూషలేము బీదల కోసం పోగుచేసిన కానుకను ఒంటరిగా మోయలేదు. "ఎవడును మామీద తప్పు మోపకుండ" అని తోడుగా మనుషుల్ని తీసుకెళ్ళాడు (2 కొరింథీ 8:20). మనకూ అదే దారి. డబ్బా తెరిచేటప్పుడు ఒకే ఇంటివారు కాని ఇద్దరు ఉండాలి. అక్కడే లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. మందిరం ఖర్చుల ఖాతాతో కలపకూడదు. కలిపితే ప్రహరీ గోడ ఎప్పుడూ బీదవాడి కంటే ముందు నిలబడుతుంది. మూడు నెలలకోసారి "బియ్యం ఇన్ని కిలోలు, ఇన్ని కుటుంబాలు, మందులకు ఇంత" అని నోటీసు బోర్డు మీద పెట్టండి. కుటుంబాల పేర్లు విడి పుస్తకంలో, ఇద్దరి దగ్గరే.

సాయం తీసుకున్నవాళ్ళు మోసం చేస్తే?

కొందరు చేస్తారు. రెండు సంఘాల్లో సంచులు తీసుకునేవాళ్ళు, బియ్యం అమ్మి తాగేవాళ్ళు ఉంటారు. భర్త తాగుతాడని తెలిస్తే సరుకు ఇల్లాలి చేతికి, వారానికి సరిపడా మాత్రమే ఇవ్వండి, పిల్లల ఫీజు బడిలో కట్టండి. ఇల్లు చూడకుండా జాబితాలో పేరెక్కించకండి. అయినా పదిమందిలో ఒకరు మోసం చేస్తే మిగతా తొమ్మిదిమంది సంచి ఆపడం న్యాయం కాదు. దేవుడు చెడ్డవారి మీదా మంచివారి మీదా వాన కురిపిస్తున్నాడు.

మా సంఘంలోనే కులం ఉంది. ఇక ప్రేమ ఎక్కడ?

ఈ ప్రశ్న అడగాల్సిందే. ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు మందిరాలు, వేరువేరు సమాధుల దొడ్లు ఉన్న చోట్లు మనకు తెలుసు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో వి. ఎస్. అజరయ్య మిషనరీలతో, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేమడిగేది ప్రేమ, మాకు స్నేహితులనివ్వండి అన్నాడు. రెండేళ్ళకు దోర్నకల్ తొలి బిషప్ అయ్యాడు. ఆ మాట తెల్లవారికి ఎంత తగిలిందో మనలో ఒకరి గుమ్మం ఒకరు తొక్కని వారికీ అంతే తగులుతుంది. ఇంటికి సంచి పంపడం తేలిక. వాళ్ళింట్లో కూర్చుని వాళ్ళ గ్లాసులో మంచినీళ్ళు తాగడం, మన పెళ్ళికి పిలిచి అదే పంక్తిలో కూర్చోబెట్టడం కష్టం. మొదలుపెట్టే చోటు అదే. దర్శించడానికి వెళ్ళే ఇద్దర్నీ రెండు పేటల నుంచి ఒక్కొక్కరిని జతచేయండి. ఆరు నెలలు కలిసి ఒకే మంచం పక్కన కూర్చున్నవాళ్ళ మధ్య చాలా గోడలు పడిపోతాయి.

ఇంట్లో మరణం జరిగితే సంఘం ఏం చేయాలి?

భూస్థాపనకు అందరూ వస్తారు. పని మిగిలేది ఆ తర్వాత. సమాధి తవ్వే కూలి, పెట్టె ఖర్చు సంఘం నిధిలోంచి ఇవ్వొచ్చు. మొదటి మూడు రోజులు ఆ ఇంట పొయ్యి వెలిగించనవసరం లేకుండా వంతులు వేసుకుని అన్నం పంపండి, ఎవరి వంతు ఏ పూటో కాగితం మీద రాయకపోతే ఒకరోజు నాలుగు క్యారియర్లు, ఇంకోరోజు సున్నా. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, ఇంకా దాటితే అధికారుల అనుమతులు. ఆ ధ్రువపత్రం లేనిదే వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, బీమా ఏదీ కదలదు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకు ఇది గుర్తుండదు, మీరు గుర్తుపెట్టుకోండి. నెల తర్వాత, మొదటి క్రిస్మస్‌కు, ఏడాది తిరిగిన రోజున వెళ్ళండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే చనిపోయినవారి పేరెత్తండి. అందరూ ఆ పేరు పలకడానికి భయపడుతుంటారు, వినాలని ఆ ఇంటివాళ్ళకు ఆశ.

అలసిపోతున్నాను. మానేస్తే పాపమా?

మంచి సమరయుడిని జాగ్రత్తగా చదవండి (లూకా 10:33-35). గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి తన ప్రయాణం సాగించాడు. "నేను మళ్ళీ వచ్చేటప్పుడు తీర్చెదను" అని మాటిచ్చాడు. అంతా తానే చేయలేదు, వదిలేసి పోనూ లేదు. మీరూ అంతే: ఒకరు రెండు ఇళ్ళకు మించి పెట్టుకోకండి, జంటగా వెళ్ళండి, ఏడాదికి ఒక నెల విరామం తీసుకోండి, వెళ్ళేముందు ఆ ఇంటిని మరొకరికి పరిచయం చేసి అప్పగించండి. చెప్పకుండా మానేయడమే బాధ పెడుతుంది.

మేం విదేశాల్లో ఉంటున్నాం. మా ఊరి సంఘానికి ఎలా సాయపడాలి?

డబ్బు పంపేముందు చట్టం తెలుసుకోండి. భారత పౌరులుగానే ఉంటూ అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపేది వస్తుంది, ఓసీఐ కార్డున్నా సరే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేని సంఘం దాన్ని తీసుకుంటే అయ్యగారు, పెద్దలు చిక్కుల్లో పడతారు. ఖాతా నంబరు అడిగేముందు సంఘానికి నమోదు ఉందో లేదో అడగండి.

ఏడాదికోసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం మేలు, పెద్ద మొత్తం వస్తే మందిరం రంగులకే పోతుంది. సెలవులకు ఊరొచ్చినప్పుడు వేదిక మీద శాలువా వద్దనండి. పరిచర్య చేసే అక్కలతో ఒక మధ్యాహ్నం రెండిళ్ళకు వెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. అక్కడ మామ్మగారి వీపు వెనక దిండు సర్దడం వాళ్ళ చేత చేయించండి.